వెనకద్దం తేటపడ్డది: కాజీపేట కాకకు, ఇంకో ఇద్దరికి శనార్తులు

మా నాన్న నడిపి నడిపి నాకిచ్చిన పాత టాటా సఫారీకి ఈ చలికాలం వెనకద్దం డిఫాగర్ (వెనక తలుపు అద్దం మీది తేమను పోగొట్టే వేడి గీతలు) పనిచేస్తున్నది. దాని వెనక ముగ్గురి చెయ్యి ఉన్నది. పైసలు తీసుకున్నది ఒక్కరే, అదీ సామాన్ల మటుకే. వైరింగ్ చేసిచ్చిన కాజీపేట కాకకు నోటితోని థాంక్స్ చెప్పబోతే "నడువ్ బిడ్డా, పసులు ఎదురుచూస్తయి" అని పంపించిండు. అందుకే నలుగురి ముంగట రాస్తున్న. ఇక్కడైతే నా మాటకు అడ్డం రాలేడు.

నేను పశువుల డాక్టర్‌ను. ఇల్లు హనుమకొండల, పని ఎక్కువగా ములుగు జిల్లా ఊర్లల్ల. టీకాలప్పుడు మబ్బుల నాలుగింటికే బయలెల్లాలె. పొద్దెక్కితే పసులు మేతకు పోతయి, ఇక దొరకవు. 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి, పస్రా దాటి, తాడ్వాయి అడవిల చొచ్చినమంటే డిసెంబర్, జనవరిల మంచు మస్తుగ ఉంటది. ముందద్దంతోని బాధ లేదు, ఏసీ గాలి కొడితే తేమ పోతది. ఆ గాలి వెనకదాకా చేరదు. పైగా మా బండి వెనక ఏముంటయో చూడున్రి: ఐసు ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ డబ్బాలు, తడిసిన పగ్గాలు, గంబూట్లు, కడిగి కడగని బకెట్లు. తేమంతా అక్కడ్నే పుడతది. బయట చల్లటి గాలి తగిలి అద్దం సల్లబడ్డదంటే లోపలి తేమంతా పోయి దాని మీదనే కూసుంటది. పావుగంటల వెనకద్దం సున్నం కొట్టినట్టయితది.

రోడ్డు మీద పోయేటప్పుడు సైడు అద్దాలతోని నడిపించుకోవచ్చు. అసలు కష్టం ఊర్లకు పోయినంక. కొట్టం దాకా బండి తీస్కపోతం, తిప్పుకునే జాగ ఉండదు, గల్లీ అంతా రివర్సే. లేగదూడలు, కోళ్లు, పండ్లపుల్ల నోట్ల పెట్టుకుని డాక్టరమ్మ బండి చూడొచ్చిన పిల్లలు. సఫారీకి స్టెప్నీ వెనక తలుపు మీదనే ఉంటది, అది సగం అద్దాన్ని మింగుతది. మిగిలిన సగం మంచు మింగితే ఇక కనబడేదేంది? మా అటెండర్ దిగి బండి బాడీ మీద చెయ్యితోని కొట్టుకుంట "రానీ, రానీ, ఆగు ఆగు" అంటే గా సప్పుడును బట్టి వెనక్కి రావాలె. ఆయన తుడిచినా రెండు నిమిషాలే, మళ్లీ అదే కత.

తమాషా ఏందంటే మా బండి అద్దం మీద డిఫాగర్ గీతలు ముందునుంచే ఉన్నయి. మాది కింది వేరియంటు, కంపెనీ నుంచి డిఫాగర్ లేదు. ఎన్నడో వెనకద్దం పగిలితే నాన్న పాత సామాన్ల కొట్ల దొరికిన అద్దం వేయించిండు, దానికి గీతలున్నయి. అటు ఇటు రెండు పట్టీలు, పట్టీకో టెర్మినల్, వైరు మాత్రం లేదు. ఇన్నేండ్లు ఆ గీతలు సోకుకే ఉన్నయి.

పోయిన చలికాలమే వైరింగ్ చేయిద్దామని ఒక కొట్టుకు పోయిన. పేరెందుకు. చూసుడు చూసుడే, "పావుగంట పని మేడం, వెనక లైటు వైరుకెళ్లి తీసి ఇస్త, లైటు వేస్తే ఇది కూడ నడుస్తది" అన్నడు. ఎందుకో మనసొప్పలేదు, మళ్ల వస్తనని చెప్పి ఇంటికొచ్చిన. నాన్న చాయ్ దోస్తు ఒకాయన కాజీపేటల ఉంటడు, ఆర్టీసీ డిపోల ఎలక్ట్రీషియన్‌గ చేసి రిటైరైండు. మేమందరం కాక అంటం. ఆయనకు ఈ ముచ్చట చెప్పిన.

కాక నవ్వలేదు, కోపం చేయలేదు. ఒక పాత క్యాలెండర్ కాగితం తిప్పి లెక్క వేసి చూపించిండు. ఈ ముక్క కొంచెం పొడుగ్గనే రాస్త, ఎందుకంటే నేను రుణపడ్డది ముఖ్యంగ దీనికే.

"మా బస్సులు 24 వోల్టులవి బిడ్డా, నీ బండి 12. వోల్టు సగమైతే అదే పనికి ఆంపియర్లు డబుల్ కావాలె. నీ అద్దం గీతలు 160 వాట్లు గుంజుతయనుకో. మా దగ్గరైతే ఏడు ఆంపియర్ల లోపు, నీ దాంట్ల 13 దాటుతది. నీ వెనక బ్రేకు బల్బు 21 వాట్లు, రెండు ఆంపియర్లు కూడ గుంజది. గసొంటి బల్బుల కోసం వేసిన సన్న వైరుల 13 పంపిస్తే?"

సన్న వైరంటే 0.75 చదరపు ఎంఎం అనుకుంటే, ఐదు మీటర్ల పొడుగుకు దాదాపు 0.12 ఓమ్ రెసిస్టెన్సు. దాంట్ల 13 ఆంపియర్లు పోతే ఒకటిన్నర వోల్టు దారిల్నే ఖర్చయిపోతది. అద్దం సరిగ్గ వేడెక్కదు. పోయిన వోల్టు గాలికి పోదు, 20 వాట్ల వేడయి ఆ వైరుల్నే ఉంటది, సీట్ల కింద, కార్పెట్ కింద, ఎవరి కంటికి కనబడని కాడ. ఫ్యూజు మంచిదైతే కొట్టేస్తది, దాంతోని వెనక లైట్లు కూడ పోతయి. పొగమంచుల వెనక లైటు లేని బండి! ఫ్యూజు మాటిమాటికి కొడుతున్నదని ఎవరన్న పెద్దది వేసిన్రో, ఇక వైరు కాలుడే మిగిలింది.

కాక చెప్పిన పద్ధతి వేరు. బ్యాటరీ నుంచి అద్దానికి సొంతంగ ఒక కొత్త వైరు, 4 చదరపు ఎంఎంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపల్నే 20 ఆంపియర్ల ఫ్యూజు. ఎంత దూరం పెట్టినా ఒకటే కదా అని అడిగిన. "ఫ్యూజు కాపాడేది అద్దాన్ని కాదు, వైరును. బ్యాటరీకి ఫ్యూజుకు నడుమ వైరు రాపిడై బాడీకి తాకిందనుకో, దాన్ని ఆపేటోడు ఎవడున్నడు?" అన్నడు. డ్యాష్‌బోర్డు కింద ఒక రిలే, అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే డబ్బీ. దాని 30వ కాలుకు బ్యాటరీ వైరు, 87 నుంచి అద్దానికి. 85, 86 కాళ్ల మీద పనిచేసే కాయిల్ పావు ఆంపియర్ కూడ తినదు, కాబట్టి స్విచ్చుకు సన్న వైరు చాలు. ఆ స్విచ్చు కరెంటు కూడ కీ ఆన్ చేస్తేనే వచ్చే లైన్ నుంచి తీసుకున్నడు. కీ తీస్తే డిఫాగర్ బంద్. స్విచ్చు మరిచిపోయి ఇంట్లకు పోయినా తెల్లారి సెల్ఫ్ కొడతది.

వైరు లాగుడు ఒక దినం పట్టింది. ఇంజన్ గోడకు వైర్లు పోయే కాడ ఉన్న రబ్బరు తొడుగుల నుంచి లోపలికి తెచ్చి, డ్రైవర్ వైపు గడప పట్టీ కింద నుంచి వెనకదాకా. రేకు అంచు తగిలే ప్రతి చోట పైపు తొడిగించిండు. నేను ఒక కాడ "ఇక్కడ వద్దులే కాక, మంచిగనే ఉన్నది" అంటే నా వేలు పట్టుకుని ఆ రేకు అంచు మీద పెట్టించిండు. చురుక్కుమన్నది. ఇంకేం మాట్లాడలేదు.

వెనక తలుపు కాడ ఆయన చేసిన పని చూసి నేర్చుకోదగ్గది. సఫారీ తలుపు పక్కకు తెరుచుకుంటది, కబ్జాల (మడత బందుల) కాడ బాడీ నుంచి తలుపుల్లకు వైర్లు పోయే ముడతల రబ్బరు గొట్టం, బెల్లో అంటరు, ఒకటుంటది. దినాం ఎన్నోసార్లు తెరిచి మూసేది, వైరు అక్కడ్నే వంగుతది. గట్టి వైరైతే లోపల్లోపల తెగిపోతది, పైకి కనబడదు. అందుకని సన్నటి పోగులు ఎక్కువున్న మెత్తటి వైరే వేసి, బెల్లోల కొంచెం వదులు ఉంచిండు. రెండో టెర్మినల్‌కు తలుపు రేకు మీదనే అర్తు ఇస్తే సరిపోతది కదా అని అందరం అనుకుంటం. కాక ఒప్పుకోలేదు. తలుపుకు, బాడీకి నడుమ ఉన్నది రెండు కబ్జాలు, వాటి మీద పెయింటు, గ్రీజు, తుప్పు. 13 ఆంపియర్లు వాటి మీదికెళ్లి తిరిగి రావాల్నంటే కష్టం. అర్తుకు కూడ అదే మందం వైరు బెల్లోల నుంచి తెచ్చి, బాడీ మీద పెయింటు గీకి, రింగు లగ్గు (వైరు కొసకు నొక్కే రింగు) బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూసిండు.

రెండో శనార్తి పోచమ్మమైదాన్ దిక్కు ఆటో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే చాచాకు. నేను కాక రాసిచ్చిన చీటీ ఇచ్చిన. చాచా చదివి "యే కిసీ పురానే ఉస్తాద్ కా కామ్ హై" (ఇది ఎవరో పాత ఉస్తాదు పని) అన్నడు. 40 ఆంపియర్ల రిలే, దాని కింద దొరుకుడు కష్టమైన సాకెట్టు, వాన నీళ్లు పోని ఫ్యూజు హోల్డర్ వెతికి తీసిండు. లగ్గులు నొక్కే పెద్ద ప్లయర్ కొనబోతే "ఒక్క పనికి ఎందుకు బేటీ, తీస్కపో, పని అయినంక తెచ్చియ్యి" అని చేతుల పెట్టిండు. మిగిలిన వైరు వాపస్ తీసుకుని పైసలు కూడ తిరిగిచ్చిండు. కోసిన వైరు వాపస్ తీసుకునే దుకాణం నేనైతే ఇంకోటి చూడలేదు.

మూడోది కాక మనవరాలు. పాలిటెక్నిక్ చదువుతున్నది, తాతకు కంటి ఆపరేషన్ అయినంక సన్నపని అంతా ఆమెదే. అన్ని బిగించి స్విచ్చు వేసి అద్దం మీద ఊపిరి ఊదితే గీతల వెంబడి తేట అయింది, నడుమ ఒక్క గీత కాడ మాత్రం మసకనే ఉన్నది. తెగింది ఎక్కడో కంటికి కనబడదు. ఆ పిల్ల మల్టీమీటర్ నల్ల వైరు అర్తుకు పెట్టి, ఎర్ర వైరు మొనకు చాక్లెట్ మీది అల్యూమినియం పన్ని చుట్టింది, గీత గీసుకుపోవద్దని. గీత వెంబడి మెల్లగ జరుపుకుంట పోయింది. మంచి గీత మీదైతే ప్లస్ దిక్కు నుంచి అర్తు దిక్కుకు వోల్టు కొంచెం కొంచెం దిగుతది, నడుమకు వచ్చేసరికి సగం ఉంటది. తెగిన గీత మీద ఏం దిగదు, 12 చూపించుకుంటనే పోయి ఒక్క కాడ టక్కున సున్నా అయింది. "గీన్నే ఉన్నది తాతా!" అన్నది. నిజంగనే అక్కడ వెంట్రుక మందం గాటు.

కాక ఊహ ఏందంటే, 2012ల సుప్రీంకోర్టు బండ్ల అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దన్నంక అందరం పీకించినం కదా, మా బండికి పీకినోడు బ్లేడు వాడి ఉంటడు. లోపలి దిక్కు ఉండేవి ఈ గీతలు, వెండి కలిసిన పేస్టును అద్దం మీద అచ్చు వేసి కాల్చినవి. బ్లేడుకు తట్టుకోవు. తుడిచేటప్పుడు కూడ గీతకు అడ్డం కాకుండ గీత వెంబడే మెత్తటి బట్టతోని తుడవాలె, వెనక పెట్టిన సామాను అద్దానికి రాయకుండ చూసుకోవాలె. మా గంబూట్ల జాగ మార్చినం.

గాటు ఉన్న కాడ స్పిరిటుతోని తుడిచి, పైన కింద టేపు అంటించి, డిఫాగర్ గీతల కోసమే దొరికే వెండి పెయింటు పెట్టింది ఆ పిల్ల. ఒక్క దినం ఆరనిచ్చినం. టేపు తీసేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది, నాకు సూది వేయబోయే కొత్త అసిస్టెంట్ యాదికొచ్చిండు. గీత అతికింది.

ఇంజన్ నడుస్తుండగ బ్యాటరీ కాడ 13.9 వోల్టులు, అద్దం కాడ 13.4. దారిల పోయింది అర వోల్టే. కాక ఆ అంకె రెండుసార్లు చదివించుకున్నడు.

ఇప్పుడు తాడ్వాయి దాటినంక స్విచ్చు వేస్తున్న. ముందు గీతల వెంబడి సన్నటి దారులు పడతయి, తర్వాత అవి కలుస్తయి, ఐదారు నిమిషాలల్ల వెనక రోడ్డు కనబడతది. అద్దం కాలేంత వేడి ఏం కాదు, ముట్టుకుంటే గోరువెచ్చగ ఉంటది. తేమ నిలవకుండ ఉండేటందుకు ఆ మాత్రం చాలు. తేట కాంగనే బంద్ చేయమన్నడు కాక. హెడ్‌లైట్లు, బ్లోయర్, ఇది, మూడు కలిసి పాత ఆల్టర్నేటర్ మీద ఊకె పడొద్దని. మా అటెండర్‌కు మాత్రం కొంచెం చిన్నబోయినట్టున్నది, దిగి బాడీ మీద కొట్టే పని పోయింది కదా. అలవాటుకొద్ది ఇంకా లోపల్నుంచే "రానీ రానీ" అంటున్నడు.

కూలి ఎంతని అడిగితే కాక కోపానికి వచ్చిండు. చిన్నమ్మ చేసిన సర్వపిండి నేనే రెండు తిని, ఇంటికి ఇంకో రెండు కట్టించుకుని వచ్చిన. అంటే లెక్క ఇంకా నా మీదనే పెరిగింది.

ఈ ముచ్చట తెలిసి నలుగురైదుగురు కాక నంబరు అడిగిన్రు. ఇయ్యను, ఏమనుకోకున్రి. ఆయన ఎవ్వరికీ కాదనడు, కంటికి ఇంకా మందు వేస్తున్నరు. మనవరాలు గీసిన వైరింగ్ బొమ్మ నా దగ్గరున్నది, ఆ పిల్లను అడిగి పెట్టుకున్న, ఎవరికి పంపినా పర్వాలేదన్నది. సఫారీకే కాదు, అద్దం మీద గీతలుండి వైరు లేని ఏ పాత 12 వోల్టుల బండికైనా పనికొస్తది. కావాల్నంటే అడగున్రి, పంపుత. చాచా దుకాణానికి పోయేటప్పుడు మాత్రం వైరు ఎన్ని మీటర్లు కావాల్నో ఇంటికాడనే కొలుచుకుని పోన్రి. అందరు తెచ్చిచ్చే వైరు వాపస్ తీసుకుంట కూసుంటే ఆయన దుకాణం నడవదు.