అన్నింటికీ ‘కాషన్’ బోర్డేనా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ విద్యార్థుల పేజీలో ‘కాషన్’ అనే ఇంగ్లిష్ మాట మీద వచ్చిన పాఠం చదివాను. కాషన్, వార్నింగ్, డేంజర్ మూడింటికీ అర్థం హెచ్చరికేనని, ఏది వాడినా తప్పులేదని అందులో తేల్చేశారు. పరీక్షలో ఒక మార్కు సంగతైతే ఊరుకునేవాణ్ని. కానీ ఆ పేజీ చదివే పిల్లలే రేపు ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో పనికి చేరతారు. అక్కడ ఈ మూడు మాటలూ ఒకటి కాదు. ఏది ఎక్కడ రాయాలో నిబంధనల్లోనే ఉంది.

అమెరికాలో యంత్రాల మీద అంటించే హెచ్చరికలకు ఆన్సీ జెడ్535 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం డేంజర్ అని రాస్తే, తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో ఖాయమని. వార్నింగ్ అంటే ప్రాణం పోవచ్చు, తీవ్ర గాయం కావచ్చు. కాషన్ అంటే చిన్న గాయమో ఓ మాదిరి గాయమో కావచ్చు, అంతవరకే. రంగులు కూడా వరసగా ఎరుపు, నారింజ, పసుపు. రసాయనాల సీసాలు, డబ్బాల మీద వేసే లేబుళ్లకు ఐక్యరాజ్యసమితి 2003లో తెచ్చిన జీహెచ్ఎస్ విధానంలోనైతే కాషన్‌కు చోటే లేదు. డేంజర్, వార్నింగ్ రెండే మాటలు. డేంజర్ రాయాల్సిన సీసా మీద వార్నింగ్ ఉండకూడదు. కాస్టిక్ సోడా లాంటి ఒళ్లు కాల్చేసే సరుకు మీద డేంజర్ అనే ఉండాలి. ‘ఏది రాసినా ఒకటే’ అని నేర్చుకున్న పిల్లవాడు ఆ లేబుల్ ఎలా చదవాలి?

నేను భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. ఒకచోట కన్వేయర్ బెల్టు రోలర్ మీదికి ఎక్కే సందు ఉంది. అందులో వేలు చిక్కితే చెయ్యి మొత్తం లాక్కుపోతుంది. దాని గార్డు మీద అంటించింది పసుపు కాషన్ స్టిక్కర్, అదీ గ్రీజు పట్టి సగం కనబడదు. నాలుగడుగుల అవతల తడి నేల మీద పెట్టిన బోర్డుకీ అదే మాట, అదే రంగు. అక్కడ జారితే మోకాలు చెక్కుకుపోతుంది, ఇక్కడ చెయ్యే పోతుంది. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మార్చమని అడిగితే “ఏదో ఒక బోర్డు ఉంది కదా సార్” అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తనిఖీకి వచ్చేవాళ్లలో ఎంతమంది బోర్డు మీద ఏముందో చదువుతున్నారు? ఉందా, ఉంది, టిక్కు పెట్టు, పద. ఏదైనా జరిగితే మాత్రం ‘హెచ్చరిక బోర్డు ఉంది, కార్మికుడే పట్టించుకోలేదు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. మెట్లకీ అదే, గాజు తలుపుకీ అదే, హై వోల్టేజ్ ప్యానెల్‌కీ అదే కాషన్ అయితే జనం చూసి చూసి పట్టించుకోవడం మానేస్తారు. తుపాను వచ్చేటప్పుడు ఎల్లో అలర్టూ రెడ్ అలర్టూ ఒకటేనని అధికారులు అంటే మీ పత్రిక ఊరుకుంటుందా?

అదే పాఠంలో ‘కాషన్ డిపాజిట్’ తప్పుడు ఇంగ్లిష్ అని కూడా రాశారు. కాషన్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి రోమన్ చట్టంలో పూచీ, హామీ అనే అర్థం ఉండేది. ఆక్స్‌ఫర్డ్ కాలేజీల్లోనూ కాషన్ మనీ అని కట్టించుకున్నారు. ఇక పిల్లలకు చెప్పడానికి మంచి ఉదాహరణ ఫుట్‌బాల్‌లోనే ఉంది. 1970 ప్రపంచ కప్ నుంచి చూపిస్తున్న పసుపు కార్డును నిబంధనల్లో కాషన్ అనే అంటారు. ఆ ఆటగాడు మైదానంలోనే ఉంటాడు. ఎర్ర కార్డయితే బయటికి పోవాలి. ఈ రెండూ ఒకటేనని ఏ పిల్లవాడైనా ఒప్పుకుంటాడా?

దయచేసి సవరణ వేయండి. ఏ మూలనో రెండు లైన్లు కాదు, అదే పేజీలో, పాఠం వచ్చినంత చోటులో, మూడు మాటలూ వాటి మూడు రంగుల్లో వేయండి. అచ్చుకు పంపే ముందు యంత్రాల దగ్గర పనిచేసిన ఎవరికైనా ఒకసారి చూపించండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు