స్టెప్నీలో గాలి చూసుకున్నావా బిడ్డా?

మల్లేపల్లి,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు మీ అమ్మకు చదివి వినిపించాను. పెద్ద సైజు అల్లాయ్ చక్రాలు, తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు, అద్దాలకు నల్ల ఫిల్ము, ముందు స్టీల్ గార్డు, కొత్త మ్యూజిక్ సిస్టం. ‘ఇందులో ఏది ముందు చేయించాలి నాయినా’ అని అడిగావు. ఫోన్లో చెబుదామంటే నీకు షిఫ్టు, నాకు షాపులో కంప్రెసర్ చప్పుడు. అందుకే రాస్తున్నాను. కాగితమైతే బండి డాష్‌బోర్డు అరలో పెట్టుకుంటావు, అవసరం పడ్డప్పుడు తీసి చూసుకుంటావు.

సొంత జీతంతో కొన్న మొదటి కారు. సెకండ్ హ్యాండ్ అయితే ఏమైంది, అది నీ బండి. దాన్ని అందంగా చేసుకోవాలని నీకు ఉండడంలో తప్పు లేదు. నేను టీవీఎస్ కొన్న కొత్తలో హ్యాండిల్‌కు రంగు కుచ్చులు కట్టుకుని తిరిగిన మనిషినే. కానీ నీ లిస్టులో టైర్ల మాట లేదు. బ్రేకుల మాట లేదు. నాకు రాత్రి నిద్ర పట్టనిది అందుకే.

ఇరవై రెండేండ్లుగా ఈ చౌరస్తాలో టైర్లు విప్పుతున్నాను. హైదరాబాద్ బండి, సాగర్ బండి, నల్లగొండ బండి, దేవరకొండ బండి, అన్నీ నా ముందు నుంచే పోతాయి. పోయిన ఎండాకాలం ఒక కారును తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు టైరు పేలి, రోడ్డు దిగి, కోసిన వరి మడిలో ఆగిందట. లోపల ఉన్న నలుగురూ పిల్లలే, దేవుడి దయ వల్ల ఎవరికీ ఏం కాలేదు. డిక్కీ నిండా స్పీకర్లు. నాలుగు టైర్లూ గుండు. ఆ పిల్లల్లో ఒకడికి చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, నేనే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. నీ లిస్టు చదువుతుంటే ఆ పిల్లవాడి ముఖమే కళ్ల ముందుకు వచ్చింది.

అందుకే టైరు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు.

గాలి ఎంత ఉండాలన్నది నన్ను కాదు, నీ బండినే అడుగు. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభానికి ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనుక టైర్లకు ఎంత, బరువు ఎక్కువ ఉంటే ఎంత అని అందులోనే రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, దాన్ని చూసి కొట్టించకు. పొద్దున బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎండలో నలభై కిలోమీటర్లు వచ్చాక చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయిస్తారు చాలామంది. తెల్లారి చల్లబడ్డాక ఆ టైరులో గాలి తక్కువ పడుతుంది, మళ్లీ అట్లనే నడుపుతారు. గాలి తక్కువైన టైరును విప్పితే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి దోసెడు రాలుతుంది. పక్క గోడ మడతపడి మడతపడి, వేడికి అరిగి రాలిన పొడి అది. పైకి చూస్తే టైరు మంచిగానే ఉంటుంది. పేలేది అట్లాంటి టైరే.

టైరు పక్కన ‘డాట్’ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని అర్థం. నీ బండి కొన్నరోజు నేను వంగి చూసింది ఆ అంకెలే. ముందు రెండూ పర్వాలేదు. వెనుక రెండింటికీ వయసు అయిపోయింది, టైరు మీది గాళ్ల (గాడుల) మధ్యలో సన్న పగుళ్లు కూడా ఉన్నాయి. చట్టం ప్రకారం గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గాళ్ల లోపల చిన్న చిన్న రబ్బరు గడ్డలు ఉంటాయి, టైరు అరిగి అరిగి వాటితో సమానమైందంటే ఇక మార్చాల్సిందే. వానల్లో తిరిగేదానివి, నువ్వు అంతదాకా కూడా ఆగొద్దు.

అరుగుదలను కూడా చదవడం నేర్చుకో. నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా నిలబడే లెక్క, పోయినట్టు. అరచేత్తో టైరు మీద అటు ఇటు నిమురు. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపంలా తగిలితే అదీ అలైన్‌మెంటే. రోజూ గాలి తగ్గుతుంటే వాల్వు మీద సబ్బు నీళ్ల చుక్క వేసి చూడు, బుడగ వస్తే వాల్వు పిన్ను పోయినట్టు. ట్యూబ్‌లెస్‌కు నడి భాగంలో మేకు దిగితే రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ వేసి నడుపుకోవచ్చు. పక్క గోడకు చీలిక పడితే మాత్రం ఎవరు ‘నేను అతికిస్తా’ అన్నా ఒప్పుకోకు. నేను ఈ షాపులో పక్క గోడకు అతుకు వేసి ఒక్క బండినీ పంపలేదు.

ఇప్పుడు నీ లిస్టుకు వస్తాను. పెద్ద అల్లాయ్ చక్రం వేస్తే టైరు గోడ సన్నబడుతుంది. కల్వకుర్తి దాకా ఉన్న గుంతల్లో ఆ సన్న టైరు దెబ్బను ఆపలేదు, చాలావరకు రిమ్ముకే పోతుంది. వంగిన అల్లాయ్ నెలకు నాలుగైదు వస్తాయి నా దగ్గరికి. చక్రం మొత్తం ఎత్తు మారితే స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది. కంపెనీ సైజులోనే అల్లాయ్ కావాలంటే వేయించుకో, నాకు అభ్యంతరం లేదు. బండిని కంపెనీ రూపం నుంచి మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

నల్ల ఫిల్ము 2012లోనే వద్దన్నారు. ముందు, వెనుక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. చలానా మాట పక్కన పెట్టు, రాత్రి నల్ల అద్దంలోంచి పక్కన వచ్చే సైకిలాయన నీకు కనబడడు. ఎండకు భయమైతే, ఆపినప్పుడు ముందు అద్దానికి వెండి రంగు షీటు అడ్డం పెట్టుకో. స్టీల్ గార్డు అసలే వద్దు. వాటి మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, ఎయిర్‌బ్యాగ్ సెన్సారుకు ఆ దెబ్బ తెలియాలి. గార్డు ఉంటే ఆ లెక్క తప్పుతుంది. ఎదురుగా మనిషి ఉంటే ఆ ఇనుము వాళ్లనేం చేస్తుందో చెప్పక్కర్లేదు.

లైట్ల విషయంలో నువ్వు అడిగినదాంట్లో న్యాయం ఉంది. యాసంగి కోతలప్పుడు నువ్వు వచ్చే దారి ఎట్లుంటుందో నాకు తెలుసు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, రాత్రికి కుప్పలు చేసి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. దగ్గరికి పోయేదాకా కనబడవు. గింజల మీద బ్రేకు తొక్కితే టైరు గోళీల మీద జారినట్టు జారుతుంది. రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేక రోడ్డెక్కాడు. మనమే నెమ్మదిగా పోవాలి. కానీ తెల్ల ఎల్‌ఈడీ పెట్టినంత మాత్రాన నీకు ఎక్కువ కనబడదు, ఎదుటివాడికి కళ్లు చెదురుతాయి. వంద వాట్ల బల్బు వేస్తే హోల్డరు కరుగుతుంది, వైర్లు కాలుతాయి. నీ బండి హెడ్‌లైట్ ప్లాస్టిక్ పచ్చబడింది చూశావా? సగం వెలుతురు అక్కడే ఆగిపోతోంది. దాన్ని పాలిష్ పట్టించి, 60/55 వాట్ల కొత్త బల్బులు జత మార్పించి, గోడ ముందు నిలబెట్టి బీమ్ సరిచేయిద్దాం. తేడా నువ్వే చూస్తావు.

మ్యూజిక్ పెట్టించుకో, కానీ ఉన్న వైర్లు కోసి అతికించేవాడి దగ్గర కాదు. ఆంప్లిఫైయర్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని వైరు ఎక్కడ ఒరుసుకున్నా మంటే.

ఇంకొకటి చెప్పాలి. నా కుడి చేతి మీద మచ్చ ఏంటని చిన్నప్పుడు అడిగేదానివి. షాపులో హాట్ ప్యాచ్ మిషన్ తగిలి కాలిందని చెప్పేవాణ్ణి. అది నిజం కాదు. నువ్వు రెండో తరగతిలో ఉండగా మన పాత జీపులో శివరాత్రికి శ్రీశైలం బయలుదేరాం. ఏడాదిగా రేడియేటర్‌లో బోరు నీళ్లే పోస్తూ వచ్చాను, నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. మన నీళ్ల సంగతి తెలుసు కదా. ఫ్లోరైడ్ మన దిక్కు ఎన్ని ఊళ్లలో ఎముకలు వంచిందో కళ్లతో చూసినవాళ్లం. అదే నీళ్లలోని సున్నం గిన్నె అడుగున తెల్లగా కట్టినట్టు రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. మన్ననూర్ దాటి అడవిలో ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే సూది పైకి పోయింది. బండి ఆపి, మీ అమ్మ వద్దంటున్నా వినకుండా రేడియేటర్ మూత తిప్పాను. ఆవిరి, మరిగే నీళ్లు చెయ్యంతా కొట్టాయి. నువ్వు వెనుక సీట్లో నిద్రపోతున్నావు. నువ్వు ముందు సీట్లో కూర్చుని, నా పక్కన దిగి నిలబడి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజిన్ బాగుకు మీ అమ్మ గాజులు కుదువ పెట్టాం. ఈ సంగతి ఇన్నేండ్లు నీకు చెప్పలేదు.

కాబట్టి రేడియేటర్‌లో ఉత్త నీళ్లకు బదులు పోసే కూలెంట్ డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకో. చలి దేశాలకే కూలెంట్ అనేవాళ్ల మాట వినకు, అది నీళ్లు మరగకుండా, లోపల తుప్పు పట్టకుండా కూడా కాపాడుతుంది. కలిపి అమ్మేది అట్లనే పోయాలి, చిక్కటిదైతే సీసా మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పక్క డబ్బా మీది రెండు గీతల నడుమ ఉందో లేదో వారానికోసారి చూడు. దారిలో సూది పైకి పోతే ఏసీ ఆపు, పక్కకు తీసి ఇంజిన్ ఆపు, అరగంట పైగా ఆగు. మూత మాత్రం ముట్టకు.

ఇంజిన్ ఆయిల్ చూడడం రెండు నిమిషాల పని. సమంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి కాసేపయ్యాక డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి తీసి చూడు. మార్చేది సర్వీసు బుక్కులో ఉన్నట్టు, మామూలుగా 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అది. మన దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మాత్రం అంతకంటే ముందే చూపించు. బ్రేక్ తొక్కితే మెత్తగా లోపలికి పోయినా, కీచుమన్నా, బండి ఒక దిక్కు గుంజినా ఆ రోజే మెకానిక్ దగ్గరికి పో, జీతం వచ్చేదాకా ఆగకు. డబ్బులు నేను పంపుతాను.

బండిని ఎండు గడ్డి మీద, కోసిన వరి గడ్డి మీద ఆపకు. సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. మీ హాస్టల్ పక్కన పొలాలు ఉన్నాయి కదా, ఎలుకలు బానెట్‌లో దూరి వైర్లు కొరుకుతాయి. రెండు మూడు రోజులు కదపకపోతే తీసే ముందు బానెట్ ఎత్తి చూడు. ఆర్‌సీ పేరు మార్పు కోసం 29, 30 ఫారాలు ఇచ్చాం, ఇన్సూరెన్స్ నీ పేరుకు మారిందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కో. హైవే మీద ఇబ్బందైతే 1033, దెబ్బ తగిలితే 108.

నా లెక్క ఇది. మొదటి నెల వెనుక రెండు టైర్లు, అలైన్‌మెంట్. రెండో నెల బ్రేకులు చూపించి, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి మార్పించడం, హెడ్‌లైట్ పాలిష్. తర్వాత నీ ఇష్టం, మ్యూజిక్ అయినా సీట్ కవర్లు అయినా. గాలి చూసుకునే గేజీ, బండి సాకెట్‌కు పెట్టి కొట్టుకునే చిన్న పంపు నేను కొని పెట్టాను. కింది మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేయకు, అది ముందుకు జరిగి ఎక్సలేటర్ కింద ఇరుక్కుంటుంది.

వచ్చే ఆదివారం మసి అంటినా పర్వాలేని బట్టలు తెచ్చుకో. షాపు ముందు వేపచెట్టు కింద నీ బండి పెట్టి, స్టెప్నీ నువ్వే దించాలి. హ్యాండ్ బ్రేక్ వేయాలి, ఎదురు చక్రానికి రాయి పెట్టాలి, నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి అప్పుడు జాకీ ఎత్తాలి. మెత్తటి మట్టిలో జాకీ దిగబడకుండా కింద చెక్క పలక పెట్టాలి, ఆ పలక కూడా కోయించి ఉంచాను. నట్లు ఎదురెదురుగా బిగించాలి, ఒక దిక్కు నుంచి వరసగా కాదు. నేను స్టూలు మీద కూర్చుంటాను, చెయ్యి పెట్టను. మీ అమ్మకు కూడా చూడాలని ఉందట.

వచ్చేటప్పుడు దారిలో కల్వకుర్తిలో చాయ్‌కి ఆగి, బండి ఆపినాకే ఫోన్ చెయ్యి. పైలం.

మీ నాయిన