ఒరేయ్ మావా, ముందు కంగారు తగ్గించుకో

ఒరేయ్ మావా,

రాత్రి నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. పాప యూరిన్లో ప్రోటీన్ 2+ (ప్లస్సుల ముందు అంకె పెరిగేకొద్దీ ఎక్కువన్నట్టు) వచ్చిందని నువ్వు చెప్తుంటే వెనకాల చెల్లెమ్మ ఏడుపు వినపడింది, అందుకే కూర్చుని రాస్తన్నా, ఇద్దరూ కలిసి చదవండి.

ఆ టెస్టు ఎప్పుడు చేయించారు? నూట రెండు జొరంలో కదా. జొరంలోనూ, బాగా పరిగెట్టి ఆడినా కూడా పిల్లలకి కాస్త ప్రోటీన్ పడుద్ది, తగ్గాక అదే పోద్ది. కొంచెం పెద్ద పిల్లల్లో అయితే పగలంతా నిలబడి తిరిగితే పడుద్ది, పడుకుని లేచాక చూస్తే ఏమీ ఉండదు. అందుకే జొరం పూర్తిగా తగ్గాక, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి పోయించి, పొద్దున్న లేవగానే మొదటిది పట్టి ఇవ్వండి. ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో (యూరిన్లో ప్రోటీన్‌ని క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చే లెక్క) కూడా రాయమని డాక్టరు గారిని అడుగు, పాప వయసుకి 0.2 లోపుంటే నార్మల్, 2 దాటితే మాత్రం మా పిల్లోడి లాంటి కేసు.

మావోడి సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నాలుగో ఏట, పొద్దున్న లేచేసరికి కళ్ళు రెండూ ఉబ్బిపోయేవి, సాయంత్రానికి తగ్గిపోయేవి. మొదట చూపించిన చోట ఎలర్జీ అని చుక్కల మందిచ్చారు, రెండు వారాలు వేశాం. మా అమ్మేమో దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తీసింది, పక్కింటాయన నీరు పట్టింది పసరు పోయించమన్నాడు, అది మాత్రం పోయించలేదు, ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే గుండె ఝల్లుమంటది. ఆఖరికి సాక్సు విప్పితే కాలి మీద లోతుగా గాడి పడిపోయింది, నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది, అప్పుడు కాకినాడ పరిగెట్టాం. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. కిడ్నీలో జల్లెడలా ఉండేది వదులైపోయి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ యూరిన్లోకి కారిపోద్ది, అది రక్తంలో తగ్గితే నీరు రక్తనాళాల్లో నిలవక ఒంట్లోకి దిగిపోద్ది, అదీ ఆ వాపు.

స్టెరాయిడ్ అనగానే మా ఇంటావిడ వద్దంది. కానీ ఈ వయసు పిల్లల్లో ఎక్కువ మందికి దాంతోనే తగ్గుద్దంట, మావోడికి రెండో వారానికే యూరిన్లో ప్రోటీన్ నిల్ వచ్చింది. 6 వారాలు రోజూ, ఇంకో 6 వారాలు రోజు విడిచి రోజూ వేశాం. మొహం గుండ్రంగా అయిపోయింది, ఆకలి ఆగేది కాదు, ఊరికే కోపం. అవన్నీ తగ్గాయి. కానీ వాపు పోయిందిగా అని మందు మన ఇష్టానికి టక్కున ఆపకూడదు, టీకాలు కూడా డాక్టరు గారికి చెప్పకుండా వేయించకూడదు.

తిండి విషయంలో మా చుట్టాలు రెండు పార్టీలు అయ్యారు, ప్రోటీన్ పోతుంది కాబట్టి రోజుకి నాలుగు గుడ్లు పెట్టమని ఒకరు, కిడ్నీ కాబట్టి పప్పే మానేయమని ఒకరు. రెండూ కాదు, మామూలుగా తినమన్నారు. తగ్గించింది ఉప్పు, వాపున్నన్నాళ్ళూ ఆవకాయ, అప్పడాలు, ఎండుచేప, ప్యాకెట్ చిప్స్ బంద్. నాన్నమ్మ అన్నం ముద్దలో దాచి పెట్టిన మాగాయ ముక్క పట్టుకున్నాన్రా నేను!

ఇప్పుడు రోజూ పొద్దున్న మావోడి యూరిన్లో టెస్టు స్ట్రిప్ ముంచి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, రంగు పోల్చి నోటుబుక్కులో రాస్తా. పసుపు ఉంటే నిల్, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రోటీన్ ఎక్కువ. వరసగా 3 రోజులు 3+ వస్తే తిరగబెట్టినట్టు, ఆ రోజే డాక్టరుకి ఫోన్. పోయిన వానాకాలం జలుబు చేశాక అలాగే వచ్చింది, బుక్కు వల్ల వాపు రాకముందే పట్టేశాం. పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోద్దంట, మేం ఆ ఆశ మీదే ఉన్నాం.

పాపకి కళ్ళు ఉబ్బినా, యూరిన్లో కట్టిన నురగ పోకుండా అలాగే ఉన్నా, యూరిన్ కోకాకోలా రంగులో వచ్చినా మాత్రం మళ్ళీ టెస్టు దాకా ఆగకు, వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. లేదంటే జొరం తగ్గాక శాంపిల్ ఇచ్చి రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో పెట్టు. ఆరింటికే లేచుంటా, మావోడి స్ట్రిప్ చూడాలి కదా.

నీ మావ