లా కాలేజీ పేరుకు ఎంత వెల కట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా కోతలు ముగిసి ఇంటర్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి ఆషాఢం దాకా, అమలాపురంలోని మా ఆఫీసుకు కక్షిదారులతో పాటు తల్లిదండ్రులు కూడా వస్తుంటారు. వారికి గట్టు తగాదా ఉండదు, పంపకాల దావా ఉండదు. "పిల్లను లా చదివిద్దామనుకుంటున్నామండీ, ఏ కాలేజీకి పేరుంది?" అన్నదొక్కటే వారి ప్రశ్న. ముప్పై ఏళ్లుగా కోనసీమ కోర్టుల్లో నల్లకోటు వేసుకుంటున్నా, ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఈ ఏడాది అదే ప్రశ్న మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది కాబట్టి, ఆలోచించిన నాలుగు మాటలు మీ పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా చెల్లెలి కూతురు సీఈసీతో ఇంటర్ పూర్తి చేసింది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్‌లో దానికి పై వరస సంస్థల్లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు గానీ, రెండు రాష్ట్రాల అవతల, ఈ మధ్య కాలంలో ఏర్పడిన ఒక విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో ర్యాంకు కూడా బాగానే ఉంది కాబట్టి, మా ఊరికి గంటన్నర ప్రయాణంలో ఉన్న కళాశాలల్లో కన్వీనర్ కోటా సీటు ఖాయం. మొదటిదానికి ఐదేళ్ల ఫీజు, హాస్టల్, రాకపోకలు అన్నీ కలిపి లెక్క వేస్తే పద్నాలుగు లక్షల దగ్గర ఆగింది. మా బావగారికి ఉన్నదల్లా రెండెకరాల కొబ్బరితోట. దింపు దింపుకీ కాయ ధర మారిపోయే రోజుల్లో అందులో కొంత అమ్మకుండా ఆ డబ్బు పోగవదు. "పేరున్న చోట సీటు వచ్చాక నేను వద్దంటే, పదేళ్ల తరవాత అమ్మాయి నన్ను తప్పుపడుతుందేమో" అని ఆయన అన్న మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎందుకంటే ఆ భయంలో అబద్ధమేమీ లేదు.

ఏ చదువు ఎక్కడ చదివారన్నదానికి ఒకప్పుడు చట్టంలోనే విలువ ఉండేది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరంలో రెండో తరగతి ప్లీడరుగా మంచి ప్రాక్టీసు సంపాదించారు. అక్కడి పురపాలక సంఘానికి అధ్యక్షులయ్యారు. అంతటివారు కూడా ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి బారిస్టరై రావలసి వచ్చిందంటే, రెండో తరగతి ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేకపోవడమే కారణం. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ఆ అంతస్తులను తీసివేసింది. గుర్తింపు ఉన్న ఏ కళాశాలలో చదివినా, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదై, ఆలిండియా బార్ పరీక్ష నెగ్గినవారు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఎక్కడైనా నిలబడి వాదించవచ్చు. పోయిన ఆ అంతస్తులను ఇప్పుడు బజారు మరో రూపంలో తిరిగి కడుతోందన్నది నిజమే. అయినా పట్టా ఇచ్చే హక్కు ఎంత, పేరు ఇచ్చే సదుపాయం ఎంత అన్నది వేరు చేసి చూసుకోకుండా పొలం అమ్మకానికి పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

పేరువల్ల వచ్చే సదుపాయం లేదని నేను అనను. బెంగళూరులో 1987లో ఏర్పడిన నేషనల్ లా స్కూలు, హైదరాబాదులో 1998లో వచ్చిన నల్సార్ వంటి చోట్ల చదివిన పిల్లలకు పెద్ద పెద్ద న్యాయసంస్థలు చదువు పూర్తికాక ముందే ఉద్యోగాలు ఇస్తున్నాయి. తోటి విద్యార్థులు చురుకైనవారు కావడం, గ్రంథాలయం రాత్రి దాకా తెరిచి ఉండటం, మూట్ కోర్టు (నమూనా వాదనల) పోటీలకు దేశమంతా తిరగగలగడం అక్కడ చదివినవారికి దొరికే నిజమైన లాభాలు. కంపెనీల ఒప్పందాలు, పన్నుల వ్యవహారాలు, మేధోహక్కుల వంటి పని చేయాలని నిజంగా కోరుకునే పిల్లకు ఆ పేరు తలుపు తీస్తుంది. అటువంటి పిల్ల ఉన్న ఇంటివారు పొలం జోలికి పోయే ముందు బ్యాంకుకు వెళ్లాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవారికి పూచీకత్తు లేకుండా విద్యారుణం దొరుకుతుంది. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు పది లక్షల దాకా అప్పుపై మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. తాము చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అయితే జాతీయ విశ్వవిద్యాలయాలన్నీ ఒక్కటి కావు. ఇరవైకి పైగా ఉన్న ఆ సంస్థల్లో ముప్పై ఏళ్ల చరిత్ర ఉన్నవీ ఉన్నాయి, ఇంకా అధ్యాపకుల నియామకాలు పూర్తికానివీ ఉన్నాయి. బోర్డు మీద "జాతీయ" అన్న మాట ఉన్నంత మాత్రాన బెంగళూరు పేరు అన్నింటికీ పంచినట్టు కాదు. కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే ర్యాంకుల విధానంలో కూడా వందకు అరవై మార్కులు బోధన, వనరులు, పరిశోధన, వృత్తిపరమైన కృషికే పోతాయి; జనంలో ఉన్న అభిప్రాయానికి పది మార్కులే. మన ఇళ్లల్లో మాత్రం ఆ పది మార్కులదే నూటికి నూరు. సంబంధాలు చూసేటప్పుడు చెప్పుకోవడానికి, పెళ్లి శుభలేఖ మీద అచ్చువేసుకోవడానికి పేరు కావాలన్న కోరిక మన దగ్గర ఎంత బలంగా ఉందో తెలిసినవాడిగా ఈ మాట రాస్తున్నాను.

మా మేనకోడలిని కూర్చోబెట్టి అడిగితే, జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసి తరవాత న్యాయమూర్తి పరీక్ష రాస్తానంది. ఆ దారి పట్టేవారు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పదవికి కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలన్న నిబంధనను 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. అంటే కళాశాల ఏదైనా మూడేళ్లు కోర్టు వరండాలో నిలబడక తప్పదు. ఆ మూడేళ్లలో ఏ సీనియరు దగ్గర చేరింది, ఎన్ని దావాలు స్వయంగా రాసింది, ఎన్ని సాక్షుల విచారణలు దగ్గరుండి చూసింది అన్నవే ఆ పిల్లను తయారుచేస్తాయి.

ఇక్కడి కోర్టుల్లో పని అంతా తెలుగు కాగితంతో మొదలవుతుంది. తాతల నాటి దస్తావేజులో సరిహద్దులు చదవగలగాలి. అడంగల్‌లో పేరు ఎప్పుడు మారిందో పట్టుకోగలగాలి. చేపల చెరువు కౌలు కాగితంలో రాయని షరతు ఏమిటో రైతు మాటల్లోంచి రాబట్టగలగాలి. గోదావరి కోసుకుపోయి మరోచోట మేట వేసిన లంక భూమి ఎవరిదన్న వ్యాజ్యం ఏ నగరపు తరగతి గదిలోనూ ఎదురుపడదు. అలాగని ఇక్కడ చదివితే చాలని అనలేను. పై కోర్టుల తీర్పులు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. నలభై పేజీల తీర్పులో అసలు సూత్రం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం మన కళాశాలల్లో చాలామందికి నేర్పనే నేర్పరు. అది నేర్పే అధ్యాపకుడు ఒక్కరున్నా ఆ కళాశాల మంచిదే.

నా అసలు ఆవేదన ఇక్కడే ఉంది. తరగతులు జరగని లా కాలేజీలు మన చుట్టూ ఉన్నాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. "పరీక్షలకు వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అని చెప్పి సీట్లు నింపే దళారులు ఇప్పుడు ఊళ్లలో తిరుగుతున్నారు. 2008 నాటి బార్ కౌన్సిల్ నిబంధనలు 70 శాతం హాజరు అడుగుతున్నాయి. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అంటున్నాయి. ఆ వారాలను కాగితం మీద నింపడానికి సంతకం పెట్టమని నా దగ్గరికే పిల్లలు వచ్చిన సందర్భాలున్నాయి. కాదంటే చిన్నబుచ్చుకుని మరో ఆఫీసుకు వెళ్లారు. మూడేళ్ల కిందట ఫస్ట్ క్లాసు పట్టాతో మా ఆఫీసులో చేరిన ఒక అబ్బాయికి ఎదుటివారిని ఒక పని చేయకుండా ఆపమని అడిగే ఇంజంక్షన్ దావాకూ, ఆస్తి తనదేనని ప్రకటించమని అడిగే స్వత్వ ప్రకటన దావాకూ తేడా తెలియలేదు. తెలివిలేనివాడు కాదు, ఆరు నెలల్లో అన్నీ నేర్చుకున్నాడు. కానీ అతడి తండ్రి, కౌలురైతు, ఆ చదువు కోసం చేసిన అప్పు అప్పటికి సగం కూడా తీరలేదు. ఆ కుటుంబం డబ్బు కట్టింది చదువుకు. చేతికి వచ్చింది కాగితం.

నాసిరకం సంస్థలు పెరిగిపోతున్నాయన్న కారణంతోనే 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కొత్త లా కాలేజీలకు మూడేళ్లు అనుమతులు నిలిపివేసింది. ఉన్నవాటి లోపలికి తొంగి చూసేదెవరు? మేమే చూద్దామని ఒక బుధవారం ఉదయం పదకొండు గంటలకు, ముందుగా చెప్పకుండా, నేనూ మా బావగారూ అమ్మాయిని తీసుకుని రెండు కళాశాలలకు వెళ్లాం. మొదటిచోట భవనం చాలా బాగుంది. ముందు ఫౌంటెన్, గోడ మీద రాజ్యాంగ పీఠిక. మూడు తరగతి గదులకు తాళాలు వేసి ఉన్నాయి. గ్రంథాలయంలో భారతీయ శిక్షాస్మృతి పుస్తకాలు బారులు తీరి ఉన్నాయి గానీ, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఒక్క ప్రతి కూడా కనబడలేదు. రెండో కళాశాల పాత భవనం. పెచ్చులూడుతున్న ఒక గదిలో ఒక మేడమ్‌గారు పదిహేను మంది విద్యార్థుల చేత ఒక తీర్పును పేరా పేరా చదివిస్తున్నారు. ప్రతికూల స్వాధీనం గురించి అనుకుంటాను, అంటే ఇతరుల భూమిని పన్నెండేళ్లు బాహాటంగా అనుభవిస్తే హక్కు వస్తుందన్న సూత్రం. ఒక అమ్మాయి లేచి, పన్నెండేళ్లు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలని అడిగింది. మా మేనకోడలు గుమ్మం దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు రావులపాలెం దాటేదాకా ఎవరమూ మాట్లాడుకోలేదు. తరవాత "నేను ఇక్కడే చదువుకుంటాను నాన్నా" అంది.

ఆ నిర్ణయం అందరికీ వర్తిస్తుందని నేను చెప్పడం లేదు. దగ్గరలో రెండో కళాశాల లాంటిది లేకపోయి ఉంటే, అప్పు చేసైనా దూరం పంపమనే చెప్పేవాడిని. తరగతి జరగని చోట ఊరికే వచ్చిన సీటు కూడా ఖరీదైనదే.

మరొక మాట. ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాక మేలుకునే కుటుంబాలకు ఆ ఏడాది క్లాట్ అంతకుముందు డిసెంబరులోనే జరిగిపోయిందన్న సంగతి తెలియదు. అది ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. పొడుగాటి పేరాలు చదివి రెండు గంటల్లో 120 ప్రశ్నలకు జవాబులు రాయాలి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. లాసెట్‌లో ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, సగం మార్కులు న్యాయవిద్యకు సంబంధించిన అభిరుచికే. మన ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో సీఈసీ, హెచ్ఈసీ చదివే పిల్లలకు మొదటి ఏడాదిలోనే ఈ రెండు పరీక్షల గురించి చెప్పే ఏర్పాటు ఉండాలి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష గురించి తెలియని ఇల్లు డెల్టాలో లేదు. క్లాట్ పేరు విన్న ఇళ్లను మాత్రం మా పేటలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సంపాదకులను నేను కోరేది ఇది. ప్రవేశాల రుతువులో మీ పత్రికలోనూ, మిగతా పత్రికల్లోనూ కళాశాలల ప్రకటనలతో ప్రత్యేక పేజీలు వస్తాయి. ప్రకటనలు వేయవద్దని అనను, పత్రిక నడవాలి కదా. వాటి పక్కనే ఉభయ గోదావరి ప్రాంతంలోని ప్రతి లా కాలేజీని అడిగి తెలుసుకున్న నాలుగు సంగతులు ఒక చిన్న పట్టికగా అచ్చువేయండి. పూర్తికాలం పనిచేసే అధ్యాపకులు ఎందరు? ఒక ఏడాది చేరినవారిలో ఎందరు చివరిదాకా చదువు ముగించారు? వారిలో ఎందరు మొదటిసారికే బార్ పరీక్ష నెగ్గారు? గ్రంథాలయం వారంలో ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది? జవాబు ఇవ్వని కళాశాల పేరు ఎదుట ఖాళీ గడి వదిలేయండి. అరెకరం తోట అమ్మాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తండ్రికి ఆ ఖాళీ గడి కూడా ఒక జవాబే అవుతుంది.

ఇట్లు,
ఒక న్యాయవాది,
అమలాపురం.