ప్రాచీన గాజుపూసలను స్కాన్ చేయించండి: పురావస్తు శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి నమస్కారాలు.

మన మ్యూజియంలలోని ప్రాచీన గాజుపూసలను పగలగొట్టకుండా, గీయకుండా మైక్రో సీటీ స్కానింగ్‌తో (ఎక్స్‌రేలతో వస్తువు లోపలి సూక్ష్మ నిర్మాణాన్ని త్రిమితీయంగా చూపే పద్ధతి) పరిశీలింపజేయవలసిందిగా కోరుతున్నాను. గాజులో చిక్కుకున్న గాలిబుడగలు బెజ్జం పొడవునా సాగి ఉంటే ఆ పూసను గొట్టంగా లాగి కోశారని, బెజ్జం చుట్టూ తిరిగి ఉంటే కరిగిన గాజును కడ్డీకి చుట్టి చేశారని తెలుస్తుంది. పైకి ఒకేలా కనిపించే రెండు పూసలు లోపల ఇలా వేరుపడతాయి.

తిరుపతి జిల్లా పాపానాయుడుపేట పనివారు ఇనుప గొట్టం చివర శంకువులా పోగుచేసిన వేడి గాజును కొక్కెంతో పట్టి చేత్తో సన్నగా లాగి, చల్లారాక ముక్కలు చేసి, బెజ్జాలు పూడుకుపోకుండా బూడిద పట్టించి మళ్లీ కాల్చే పద్ధతిని పరిశోధకులు నమోదు చేశారు. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో తయారైన ఇండో-పసిఫిక్ పూసల (గొట్టంగా లాగి కోసిన చిన్న గాజుపూసల) పనితనాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం మరొకటి లేదని నా నమ్మకం. కాబట్టి తవ్వకాల్లో దొరికిన పూసలతో పాటు ఆ ఊరి పూసలనూ స్కాన్ చేయించండి.

ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (తీవ్రమైన ఎక్స్‌రేలను పుట్టించే పెద్ద యంత్రం) ఇందుకు తగిన ఇమేజింగ్ బీమ్‌లైన్, అంటే ఆ ఎక్స్‌రేలతో చిత్రాలు తీసే కేంద్రం ఉంది. తీవ్రమైన ఎక్స్‌రేలకు గాజు రంగు మారే ప్రమాదం ఉన్నందున మొదట విరిగిన పూసలతోనే పని ప్రారంభించాలని, వచ్చిన త్రిమితీయ చిత్రాలను విద్యార్థులందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని మనవి.

భవదీయుడు,
ఒక చరిత్ర విద్యార్థి