ఓడిన వార్ గేమ్‌ల నివేదికలు బయటపెట్టాలి

అయ్యా,

సైనిక విన్యాసాలు ఎప్పుడు జరిగినా 'విజయవంతంగా ముగిశాయి' అనే వార్తే చదువుతుంటాం. విన్యాసాల మాట సరే. మ్యాపుల ముందు, కంప్యూటర్ల ముందు అధికారులు రెండు పక్షాలుగా చీలి ఆడే వార్ గేమ్‌ల ఫలితాలైతే మన దాకా రానే రావు. వాటిలో మనవైపు ఓడిపోతేనే కదా లోపాలు తెలిసి ఆడినందుకు ఫలం దక్కేది!

1960 మార్చిలో తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ లక్నోలో 'లాల్ ఖిలా' పేరుతో అలాంటిదే నిర్వహించారు. చైనా పెద్ద బలగంతో నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్) మీదికి వస్తే మన సేన ఉన్నపాటున నిలువరించలేదని అందులో తేలింది. అంతకు ముందే, 1959 అక్టోబరులో, నేఫా రక్షణపై ఆయన పంపిన పత్రాన్నీ రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పట్టించుకోలేదు. రెండేళ్లకు, 1962 చైనా యుద్ధంలో, జరిగిందేమిటో అందరికీ తెలుసు. ఓటమి తర్వాత నెహ్రూ పిలిపించి ఈ కాగితాలు తనకెందుకు చూపలేదని అడిగారనీ, అది మీనన్‌నే అడగాలని తాను బదులిచ్చాననీ థోరట్ ఆత్మకథలో ఉంది. ఆయన రాసుకోబట్టి తెలిసింది. రాసుకోని సేనాపతులెందరో!

పట్టించుకోకపోవడం ఒక జబ్బయితే, ఫలితాన్ని దిద్దుకోవడం మరొకటి. 1942 మేలో జపాన్ నౌకాదళం పసిఫిక్‌లోని అమెరికా స్థావరం మిడ్వే మీద చేయబోయే దాడిని 'యమాటో' నౌకలో ముందుగా ఆడి చూసింది. తమ విమానవాహక నౌకలకు తొమ్మిది బాంబులు తగిలాయని ఆటలో వేసిన పాచికలు చెబితే, ఆటను నడిపిన రియర్ అడ్మిరల్ ఉగాకి వాటిని మూడుకు తగ్గించాడు. ఆటలో మునిగిన 'కాగా' అనే విమానవాహక నౌకను తర్వాతి ఘట్టానికి మళ్లీ తేల్చారు. జూన్‌లో అసలు యుద్ధంలో కాగాతో కలిపి నాలుగు మునిగాయి. 2002లో అమెరికా 25 కోట్ల డాలర్లతో నడిపిన 'మిలీనియం చాలెంజ్'లోనూ ఇదే తంతు. శత్రుపక్షాన్ని నడిపిన పాల్ వాన్ రైపర్ పదహారు నౌకలను ముంచేస్తే, నిర్వాహకులు వాటిని తేల్చి ఆట కొనసాగించారు. ఆయన విసిగి తప్పుకున్నాడు.

నివేదికలు బయటికొస్తే రహస్యాలు పోతాయంటారు. వియత్నాంపై 1964లో ఆడిన 'సిగ్మా' గేమ్‌ల పత్రాలను అమెరికా ఎప్పుడో విడుదల చేసింది. బాంబులతో హనోయ్ (ఉత్తర వియత్నాం ప్రభుత్వం) లొంగదని తేల్చిన, అంటే ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే పత్రాలవి.

యుద్ధ డైరీల వంటి రికార్డులను సాధారణంగా 25 ఏళ్లకు బహిరంగపరచాలని మన రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. వార్ గేమ్‌ల నివేదికలనూ, శత్రుపక్షం ఆడినవారి అభిప్రాయాలతో సహా, అందులో స్పష్టంగా చేర్చాలి. పాతికేళ్లు దాటినవి ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్