కోరంగి వాళ్ల ఏడాది

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబరులో మారిషస్ ఎన్నికల ఫలితాన్ని మీరు లోపలి పేజీలో నాలుగు లైన్లలో సరిపెట్టారు. ఆ పక్కనే పెళ్లిళ్ల సీజన్‌లో పూల ధరల మీద అర పేజీ వేశారు. పూల రైతులు మావాళ్లే, దాని మీద గొడవ లేదు. నా గొడవ ఆ నాలుగు లైన్ల గురించే.

నేను కోరంగి దగ్గర బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. 1996 నవంబరు తుఫాను తర్వాత కొన్నాళ్లకు మారిషస్ నుంచి ఒక బొమ్మ కార్డు వచ్చింది. కార్డు కదా, దాచి చదవాల్సిన పని లేదు. ఒక ఇంటిపేరు రాసి, ఆ ఇంటివాళ్లెవరైనా ఉంటే జవాబు రాయమని అడిగారు. వాళ్ల ముత్తాత మన ఊరి నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లాడట. రెండు వీధులు తిరిగాను. ఆ ఇంటిపేరు వాళ్లెవరూ దొరకలేదు. వారం ఉంచి, 'చిరునామాదారు తెలియదు' అని రాసి వెనక్కి పంపేశాను.

నేను చేసిన తప్పేంటో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. పడవ ఎక్కింది కోరంగి రేవులో కాబట్టి అక్కడ తెలుగువాళ్లందరినీ 'కోరంగి' అనే పిలిచారు. ఆ ముత్తాతది విశాఖ వైపు పల్లె కావచ్చు, గోదావరి అవతల ఏ లంకో కావచ్చు. నేను రెండు వీధుల్లో వెతికి ఊరుకున్నాను. అదిగో, ఆ దిగులుతోనే 2024 అంతా ఆ దేశం వార్త ఎక్కడ కనబడినా కత్తిరించి నోటుబుక్కులో అతికించాను. ఫోన్‌లో దొరికినవి మనవరాలి చేత రాయించాను.

మొదటి పేజీలో ఉన్నది తుఫాను. జనవరి 15న మనం సంక్రాంతి చేసుకుంటుంటే బెలాల్ తుఫాను అక్కడి రాజధాని పోర్ట్ లూయిస్‌ను ముంచేసింది. వీధుల్లో కార్లు కాగితప్పడవల్లా కొట్టుకుపోయాయి. హెచ్చరిక స్థాయి పెంచడంలో ఆలస్యం జరిగిందని జనం మండిపడ్డారు, వాతావరణ శాఖ డైరెక్టరు పదవి వదులుకున్నాడు. 1996ని చూసినవాడిని, ఆ వార్త రెండుసార్లు చదివించుకున్నాను.

మార్చి 12 వాళ్ల జాతీయ దినం. 1968లో అదే రోజున స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాది ముఖ్య అతిథి మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు. భారత సంతతి వాళ్లలో ఏడో తరానికి కూడా ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరులైన మన సంతతివాళ్లకు ఇచ్చే కార్డు, ఇస్తామని అక్కడే ప్రకటించారు. మీరు ఆమె ఫొటో వేశారు, ఈ మాట వేయలేదు. నా లెక్కలో అసలు వార్త ఇదే. కార్డు కావాలంటే ముందు తాతల పుట్టుపూర్వోత్తరాలు చూపించుకోవాలి. కూలీలుగా వెళ్లినవాళ్ల పాత రికార్డులు అక్కడ మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇటువైపు అడిగితే చెప్పేదెవరు? నాలాంటి పోస్టుమాస్టర్లేనా?

ఏప్రిల్ 9 ఉగాది. అక్కడ దేశమంతటికీ సెలవు. జనాభా పన్నెండున్నర లక్షల పైచిలుకు, మన కాకినాడ జిల్లా కన్నా తక్కువ. అందులో తెలుగువాళ్లు కొద్దిమందే, అయినా సెలవు.

ఇక అక్టోబరు. 3వ తేదీన బ్రిటన్‌తో చాగోస్ దీవుల ఒప్పందం ప్రకటించారు. 1965లో మారిషస్ నుంచి విడదీసిన దీవులవి. సైనిక స్థావరం కోసం అక్కడి జనాన్ని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. దీవులు మారిషస్‌వే అన్నారు కానీ డియెగో గార్సియా స్థావరం మాత్రం 99 ఏళ్లు అలాగే ఉంటుందట. పట్టా మన పేరున, సాగు ఎదుటివాడిది అన్నట్టుంది. మర్నాడే పార్లమెంటు రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు. దీవులు తెచ్చాం, ఓట్లు రాలతాయనుకున్నారు కాబోలు.

రాలలేదు. 'మిస్సీ ముస్తాస్' పేరుతో, అంటే మీసాల అయ్యగారన్నమాట, ఎవరో నాయకుల ఫోన్ సంభాషణలు రోజుకొకటి బయటపెట్టడం మొదలెట్టారు. ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. నవంబరు 1న సోషల్ మీడియా మొత్తం ఎన్నికలయ్యే దాకా బంద్ అన్నారు. గోల లేచేసరికి ఒక్క రోజులోనే ఎత్తేశారు. 10న పోలింగ్. ప్రధాన దీవిలో ప్రతి ఓటరూ ముగ్గురికి గుర్తు పెట్టాలి, తక్కువైతే ఓటు చెల్లదు. కాగితం ఓట్లే, మర్నాడే లెక్క. మనం మే 13న ఓటేసి జూన్ 4 దాకా కాచుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఎన్నికయ్యే 62 సీట్లలో 60 ప్రతిపక్ష కూటమికే వచ్చాయి. మిగతా రెండూ రోడ్రిగ్స్ దీవివి. ప్రధాని ప్రవింద్ జగన్నాథ్ తన సీటు కూడా పోగొట్టుకున్నాడు. మన ఆంధ్ర అసెంబ్లీలో కూటమికి 175కి 164 వస్తే నోరెళ్లబెట్టాం. 13న నవీన్ రామ్‌గులామ్ మళ్లీ ప్రధాని అయ్యాడు, వయసు 77. తండ్రి మొదటి ప్రధాని. ఇటు ఈయన, అటు జగన్నాథ్‌ల కుటుంబం, దశాబ్దాలుగా ఎక్కువ కాలం కుర్చీ ఈ రెండిళ్ల మధ్యే తిరిగింది. ఆ ముచ్చట మనకు కొత్తేం కాదు. డిసెంబరులో కొత్త రాష్ట్రపతిగా ధరమ్ గోఖుల్ వచ్చాడు. చాగోస్ ఒప్పందాన్ని కొత్త ప్రభుత్వం అప్పట్లో మళ్లీ తిరగేసింది.

కోరంగి మడ అడవులకు ఆదివారాలు బస్సులేసుకుని వస్తారు. చెక్క వంతెన మీద బావురుపిల్లి గురించి చదువుకుంటారు. ఇక్కడి నుంచి పడవలెక్కి పోయిన మనుషుల గురించి ఒక్క బోర్డు నా కంటపడలేదు. అటవీ శాఖను అడిగితే అది మా పని కాదంటారేమో.

మిమ్మల్ని కోరేది ఇంతే. మారిషస్ వార్త వస్తే అంతర్జాతీయ పేజీలో కాకుండా మా జిల్లా పేజీలో వేయండి. ఈ ఉత్తరం అచ్చేస్తే కింద ఇంకో లైను కూడా వేయండి: మా తాతల్లో ఒకరు కోరంగిలో ఓడెక్కి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకునేవాళ్లు, శ్రీకాకుళం దాకా ఎక్కడివారైనా సరే, ఇంటిపేరూ ఊరిపేరూ మీ ఆఫీసుకు రాయమని. వచ్చిన కార్డులు సర్ది ఊళ్ల వారీగా పెట్టే పని నాకివ్వండి. అది నాకు అలవాటైన పనే.

- ఒక రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టరు,
తాళ్లరేవు మండలం, కాకినాడ జిల్లా